పారదర్శక కంచం

తాయారుకు భర్త మీద ఉన్న ఫిర్యాదు పెద్దదేమీ కాదు. ఎదురుగా ఉన్న వస్తువు ఆయనకు కనపడదు, అంతే. వామనరావు ఫ్రిజ్ తలుపు బార్లా తీసి, లోపలి చల్లదనమంతా వంటింటికి దానం చేసి, "పెరుగు అయిపోయిందా తాయారూ?" అని అడుగుతాడు. పెరుగు గిన్నె ఆయన ముక్కుకు జానెడు దూరంలో కూర్చుని ఆయన్నే చూస్తూ ఉంటుంది. తాయారు చెయ్యి చాపి ఆ గిన్నె తీసి చేతిలో పెడితే, "నువ్వు వెనక్కి పెట్టేశావు" అంటాడు. పొరపాటు నాది అనడు. ఆ మాట ఆయన నోట వినాలని పెళ్లయిన కొత్తలో ఆమె ఎదురుచూసింది. తరవాత మానేసింది. ఇంట్లో వేరే పనులుంటాయి కదా.

అటువంటి మనిషికి ప్రభుత్వం ఒప్పజెప్పిన పని ఏమిటంటే, వెండిని కనపడకుండా చెయ్యడం.

ఊరి చివర, రాళ్లగుట్టల మధ్య ఉన్న సౌరశక్తి పరిశోధనాలయంలో వామనరావు శాస్త్రవేత్త. చాపలా చుట్టి చంకలో పెట్టుకోగల సోలార్ పలక తయారు చెయ్యాలన్నది ఆయన ప్రయత్నం. ఆ పలకకు ఎలక్ట్రోడు అనే పైపొర ఒకటి కావాలి. అది ఎండను లోపలికి రానివ్వాలి, లోపల పుట్టిన కరెంటును బయటికి మొయ్యాలి. చూపుకి గాజులా, పనికి తీగలా ఉండాలి. పైగా వంచితే విరక్కూడదు. అందుకని వెంట్రుక మందంలో వెయ్యోవంతు ఉండే వెండి తీగల్ని పల్చటి ప్లాస్టిక్ షీటు మీద చల్లుతారు. చల్లాక చూస్తే అక్కడ షీటు తప్ప ఏమీ కనపడదు.

తాయారు బీయస్సీ చదివింది. ఆ చదువు పెళ్లయ్యాక పెద్దగా వాడకంలో లేదు కానీ, పాడవలేదు. ఒక రోజు ఆమె సేమ్యా విరుస్తుంటే వామనరావు పొయ్యి పక్కన నిలబడి ఈ సంగతి చెప్పాడు. చెప్పడమే కాదు, గుప్పెడు సేమ్యా తీసుకుని పక్కనే ఉన్న కంచంలో చల్లి చూపించాడు.

"పోగులు ఒకదాన్నొకటి తాకుతూ పడ్డాయా? ఇప్పుడు చీమ ఈ అంచున ఎక్కితే పోగుల మీదే నడిచి ఆ అంచుకు పోతుంది. అదీ కరెంటు. పోగుల సందుల్లోంచి కంచం కనపడుతోందా? అదీ వెలుతురు."

"మరీ తక్కువ వేస్తే?"

"చీమ మధ్యలో చిక్కుకుపోతుంది."

"ఎక్కువ వేస్తే?"

"కంచం కనపడదు. దాన్ని సేమ్యా ఉప్మా అంటారు."

ఆయన ఇన్నేళ్లలో చెప్పినవాటిలో తాయారుకు పూర్తిగా నచ్చింది అదొక్కటే. ఆయన సేమ్యా చల్లిన కంచం మాత్రం ఆమె విభూతి పెట్టి తోమి, అప్పుడే ఆరబెట్టుకున్న వెండి కంచం. అమ్మమ్మ సీతారత్నం గారిది. అంచు వెంబడి చుక్కలు చుక్కలుగా ఆవిడ పేరు కొట్టించి ఉంది. తాయారు అన్నప్రాశన అందులోనే జరిగింది, తాయారు కూతురిదీ అందులోనే. అమ్మమ్మ పోయాక పంపకాల్లో ఎవరికేం దక్కాయో ఆమెకు తెలియదు. ఆమె దాకా వచ్చింది ఆ కంచం ఒక్కటే.

ఇంతలో పరిశోధనాలయానికి కొత్త పరిపాలనాధికారి వచ్చాడు. పేరు కోదండపాణి. అంతకుముందు చాలా ఏళ్లు గుళ్లలో దేవుడి నగలు సరిచూసే ఉద్యోగం చేశాడు. కిరీటం ఉందా, ఉంది. శఠగోపం ఉందా, ఉంది. మనిషి నిప్పు. రూపాయి ముట్టడు. చూడనిదాన్ని చూశానని జీవితంలో ఒక్కసారి కూడా రాయలేదని ఆయనే చెప్పుకుంటాడు, అందులో అబద్ధం లేదు. వస్తూనే ఒక నియమం జారీ చేశాడు. దాని పేరు ప్రత్యక్ష దర్శన నియమం. సంస్థలో ఉన్న ప్రతి వెండి, బంగారు వస్తువూ మూడడుగుల దూరం నుంచి అధికారి కంటికి కనపడాలి. కనపడనిది లేనట్టే పరిగణించబడును.

అలా పరిగణించడానికి ఆయన వామనరావు ల్యాబుకి వెళ్లాడు. అక్కడ జరిగింది తాయారుకు భర్త సగం చెప్పాడు. ఆయన మింగేసిన సగం సెక్యూరిటీ సూపర్వైజర్ యాదగిరి క్వార్టర్ల గేటు దగ్గర చెప్పాడు.

"వెండి ఏది?" అని అడిగాడట కోదండపాణి.

"ఇదేనండి" అని వామనరావు షీటు చూపించాడు.

"ఇది ప్లాస్టిక్."

"దాని మీద ఉందండి."

"నాకు కనపడటం లేదే."

"కనపడకపోవడమే మా విజయమండి."

కోదండపాణి వెనకే ఉన్న యాదగిరి వైపు తిరిగి, "వెండి కనపడకపోవడం తమ విజయమని శాస్త్రవేత్త స్వయంగా అంగీకరించినట్టు గమనించడమైనది" అన్నాడు.

"నాకు పాపమనిపించిందమ్మా," అన్నాడు యాదగిరి. "నాకు కనవడుతున్నది సార్, అన్న. ఏ రంగున్నదని అడిగిండు. తెల్లగున్నదన్న. గట్లయితే నువ్వు ట్యూబులైటు చూస్తున్నవు, అన్నడు."

వామనరావు షీటు ఒక అంచుకు బ్యాటరీ, రెండో అంచుకు బల్బు తీగలతో కలిపి ఆ బల్బు వెలిగించాడు. కరెంటు పారుతోంది కాబట్టి వెండి ఉన్నట్టే కదా అని ఆయన వాదన. కోదండపాణి బల్బును శ్రద్ధగా చూశాడు. "బల్బు దర్శనమైంది. బల్బులకు వేరే సెక్షన్ ఉంది" అన్నాడు. మైక్రోస్కోపులో తీసిన ఫోటో చూపించారు. అందులో వెండి తీగలు అచ్చం సేమ్యాలాగే ఉన్నాయి. "పెన్షన్ తీసుకునేవాడు బతికున్నాడని నిరూపించుకోవాలంటే మనిషి రావాలి. ఫోటో పంపితే చాలదు. మనిషికి లేని మినహాయింపు వెండికి ఎలా ఇస్తాం?" అన్నాడు.

చివరికి ఒక మధ్యేమార్గం కూడా ఆయనే చూపించాడు. వెండి కనపడే వరకూ చల్లండి.

వామనరావు చల్లించాడు. షీటు మబ్బేసింది. ఇంకా చల్లించాడు. చివరికి షీటు అద్దమైపోయింది. కోదండపాణి అందులో మీసం సరిచేసుకుని, "ఇప్పుడు వెండి వెండిలా ఉంది" అన్నాడు. ఆ షీటుతో చేసిన పలకను నడి ఎండలో పెడితే ఎండ వచ్చిన దారినే వెనక్కి పోయింది. బల్బు వెలగలేదు.

"కరెంటు రావడం లేదండి," అన్నాడు వామనరావు.

"అది సాంకేతిక విషయం. నేను జోక్యం చేసుకోను."

కొద్దిరోజుల్లో బయటినుంచి నిపుణులు సమీక్షకు రావలసి ఉంది. పలక పనిచేస్తే ప్రాజెక్టు నిలుస్తుంది, లేకపోతే మూతపడుతుంది. వామనరావు ఎక్కడా ఎదురు తిరగని మనిషే అయినా ఆ ఒక్క విషయంలో మొండికేశాడు. అద్దం షీటు పక్కన పడేసి కనపడని షీటుతోనే పలక చేశాడు. మర్నాడు నోటీసు వచ్చింది. వెండిని కనపడకుండా చేసినందుకు సంజాయిషీ చెప్పాలి.

"ఆ పని చెయ్యడానికేగా నన్ను ఉద్యోగంలోకి తీసుకుంది," అన్నాడు వామనరావు, అన్నం కలుపుతూ.

"అదే రాసివ్వండి," అంది తాయారు.

"నేరం ఒప్పుకున్నట్టు ఉంటుంది."

ఆదివారం పొద్దున్నే కోదండపాణి వాళ్ల క్వార్టరుకి వచ్చాడు. వెంట యాదగిరి ఉన్నాడు. చెప్పులు గుమ్మం బయట విడిచాడు, కాఫీ తీసుకున్నాడు, బాగుందని కూడా అన్నాడు.

"అమ్మా, దీన్ని మీరు సోదా అనుకోవద్దు. స్నేహపూర్వక దర్శనం."

"దర్శనమైతే చూసి దణ్ణం పెట్టుకుని వెళ్తారు కదండీ," అంది తాయారు.

ఆయన దేవుడి గూడు ముందు ఆగాడు. కంచం అక్కడే ఉంది. మూడడుగుల దూరం నుంచి చూశాడు. అలవాటుగా చేతులు జోడించబోయి ఆపుకున్నాడు.

"సంస్థలో ఉండవలసిన వెండి లేదు. ఇంట్లో వెండి ఉంది. ఈ రెండు విషయాలూ నా కళ్లతో చూశాను," అన్నాడు.

"అది మా అమ్మమ్మదండి. అంచు మీద పేరుంది, చూడండి."

ఆయన వంగి చదివాడు. "సీతారత్నం. మంచిది. యాదగిరీ, తయారీదారు పేరు దొరికింది, రాసుకో."

"సార్, గది మనిషి పేరు లెక్కున్నది."

"కంపెనీలకు మనుషుల పేర్లే ఉంటాయి. రాసుకో."

తరవాత ఆయన వామనరావు వైపు తిరిగి, గొంతు తగ్గించి, పెళ్లి సంబంధం మాట్లాడుతున్నవాడిలా చెప్పాడు. కంచాన్ని సంస్థకు దఖలు పరుస్తున్నట్టు సంతకం పెడితే వెండి దొరికినట్టే. నోటీసు ఉండదు. సమీక్ష ఆగదు. అందరికీ గౌరవం.

వామనరావు పెన్ను అందుకున్నాడు.

"ఏమండీ, దొంగతనం చేశానని రాస్తున్నారా?" అంది తాయారు.

"కాదు. రికవరీ అని ఉంది. ఫార్మాలిటీయే తాయారూ. సమీక్ష అవగానే తెచ్చేస్తాను."

ఆమె ఆయన ఎదురుగానే నిలబడి ఉంది. ఎదురుగా ఉన్నది ఆయనకు కనపడదని ముందే చెప్పుకున్నాం. సంతకం పెట్టేశాడు.

సంస్థ రికార్డుల్లో కంచం ఇలా చేరింది: ఎలక్ట్రోడు, వెండి, పారదర్శకం, వంగునది, ఒకటి, తయారీ సీతారత్నం. అది పోయిన వెండి అయినప్పుడు, పోయిన వెండి గుణాలు దానికీ ఉండాలి కదా. బరువు మాత్రం పోయినదానికంటే చాలా ఎక్కువ తూగింది. అది పరిపాలనా విభాగపు సమర్థత కింద జమ అయింది. ఇక వామనరావు చేసిన పలక సంగతి. వెండి కంచంలో దొరికింది కనక పలకలో వెండి లేదని తేలింది. అందువల్ల అది ప్లాస్టిక్. కంచానికి గీతలు పడకుండా చుట్టడానికి దాన్ని ప్యాకింగ్ సామగ్రిగా కేటాయించారు. వంకాయ రంగులో చూడముచ్చటగా ఉంది కూడా.

ఆ మధ్యాహ్నం వామనరావు భోజనానికి కూర్చుంటే స్టీలు పళ్లెంలో అన్నం మాత్రం ఉంది.

"కూర?"

"వేశానండి."

"కనపడటం లేదే."

"కనపడకపోవడమే నా విజయం."

ఆయన ఆవకాయ జాడీ కోసం వెతికాడు. అదీ ఆయనకు కనపడలేదు.

అన్నం సగంలో వదిలి ఆయన ల్యాబుకి వెళ్లిపోయాక తాయారు దేవుడి గూడు ముందు కాసేపు కూర్చుంది. కంచం ఉన్నచోట గుండ్రటి మచ్చ ఉంది. ఏడవాలనిపించింది కానీ, ఏడిస్తే లాభం కోదండపాణికే అనిపించి లేచి, ఇస్త్రీ చీర కట్టుకుని ఆఫీసుకు వెళ్లింది.

"రండమ్మా, కూర్చోండి," అన్నాడు కోదండపాణి. ఆదివారం కూడా ఆఫీసులో ఉండే మనిషి. "కంచం గురించైతే మాత్రం..."

"కంచం కాదండీ, ఎలక్ట్రోడు. మీరు చేసిందంతా సబబే. నాకొకటే దిగులు. ఎలక్ట్రోడని రాసుకున్నారు కదా, రేపు సమీక్షలో దాన్ని పెట్టకపోతే, పరీక్షించని ఎలక్ట్రోడు ఎందుకు దాచారని ఆడిట్ వాళ్లు అంటారేమోనని."

ఆడిట్ అన్న మాట వినగానే కోదండపాణి కుర్చీలో సర్దుకున్నాడు. కళ్లజోడు తీసి తుడిచి మళ్లీ పెట్టుకున్నాడు.

"మీలాంటివాళ్లు ఈ ఆఫీసులో ఉండాలమ్మా."

"మా ఇంటికే నేనొక్కదాన్ని చాలడం లేదండీ."

"రికవరీ సాక్షిగా మీరు కూడా సమీక్షకు హాజరు కావాలి. నియమం ఉంది."

"నియమం ఉంటే వస్తాను," అంది తాయారు వినయంగా. ఆమెకు కావలసింది కూడా అదే.

సమీక్ష ల్యాబు మేడమీద జరిగింది. ఎండ దంచుతోంది. నిపుణుల బృందానికి నాయకురాలు డాక్టర్ ముంతాజ్. తలంతా నెరిసిన, బక్కపల్చటి మనిషి. ఎవరు మాట్లాడినా చివరిదాకా వినే అలవాటుంది ఆవిడకి. ఆఫీసుల్లో ఆ అలవాటు ప్రమాదకరం.

బల్ల మీద తెల్లగుడ్డ, దాని మీద వంకాయ రంగు పలకలో చుట్టిన కంచం. పలక కొసల నుంచి రెండు తీగలు వేలాడుతున్నాయి. వామనరావు ఆ తీగల్ని ఒక బొమ్మ ఫ్యానుకు తగిలించి పక్కకు నిలబడ్డాడు. ఫ్యాను తిరగడం మొదలుపెట్టింది.

"యాదగిరీ, ఆ ఫ్యాను ఆపు," అన్నాడు కోదండపాణి. "కాగితాలు ఎగురుతున్నాయి."

"స్విచ్చి లేదు సార్."

"కరెంటు ఎక్కడినుంచి వస్తోంది మరి?"

యాదగిరి బల్ల కిందికి వంగి చూసి లేచాడు. "ప్యాకింగుల్నుంచి వస్తున్నది సార్."

డాక్టర్ ముంతాజ్ ఫ్యాను దగ్గర వేలు పెట్టి గాలి చూసుకున్నారు. తరవాత ఆ చుట్టినదాన్ని జాగ్రత్తగా విప్పి కంచం పైకెత్తారు.

"ఇదేంటి?"

"వెండి ఎలక్ట్రోడు, మేడమ్. పారదర్శకం, వంగునది."

"నాకు అన్నం తినే కంచంలా కనపడుతోంది."

"రికార్డుల ప్రకారం ఎలక్ట్రోడు, మేడమ్."

"సీతారత్నం ఎవరు?"

"తయారీదారు, మేడమ్."

"మా అమ్మమ్మండీ," అంది తాయారు వెనకనుంచి.

ఆవిడ తాయారును చూశారు, వామనరావును చూశారు, మళ్లీ కంచాన్ని చూశారు. "పారదర్శకమని ఎవరు ధ్రువీకరించారు?"

"నేనే, మేడమ్."

"అయితే ముఖానికి అడ్డం పెట్టుకోండి. నేనేం పట్టుకున్నానో చెప్పండి."

కోదండపాణి కంచాన్ని రెండు చేతులా పట్టుకుని ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. డాక్టర్ ముంతాజ్ బల్ల మీది పళ్లెంలోంచి అరటిపండు తీసి పైకి పట్టుకున్నారు. ఫ్యాను ఒకటే తిరుగుతోంది.

"ఏదో దస్తావేజు, మేడమ్," అన్నాడు కంచం వెనకనుంచి.

ఎవరూ నవ్వలేదు. ఉద్యోగాలున్నవాళ్లు కదా.

కోదండపాణి కంచం దించి, అరటిపండు చూసి, గొంతు సవరించుకున్నాడు. "పారదర్శకతలో స్వల్ప వ్యత్యాసం ఉన్నా, వంగే గుణం విషయమై సంస్థకు పూర్తి నమ్మకం ఉంది. యాదగిరీ, వంచు."

కంచాన్ని పరీక్షకు పెట్టించిన తెలివిలో ఈ వంచడమన్నది తాయారుకు తట్టనే లేదు. వెండి మెత్తన. యాదగిరి చేతులు రోకళ్లు. ఒక్కసారి మోకాలికేసి నొక్కితే అమ్మమ్మ పేరు మధ్యకు మడత పడుతుంది.

యాదగిరి కంచం అందుకున్నాడు, మోకాలి మీద పెట్టాడు, తాయారు మొహం చూశాడు. "సార్, గిది పాపం సార్. గిండ్ల చిన్నపిల్లలు అన్నం దిన్నరు."

"వంచమంటే వంచు."

"వద్దు," అన్నాడు వామనరావు. ఆయన గొంతు ఆయనకే కొత్తగా ఉన్నట్టుంది, ఒకసారి ఆగాడు. "వంచాల్సింది దాన్ని కాదండీ. దీన్ని." బల్ల మీది వంకాయ రంగు పలక తీసి, తీగలు అలాగే ఉంచి, చాప చుట్టినట్టు చుట్టి, మళ్లీ విప్పి ఎండకు పట్టాడు. ఫ్యాను మళ్లీ తిరిగింది. మళ్లీ చుట్టాడు, మళ్లీ విప్పాడు. ఫ్యాను తిరుగుతూనే ఉంది.

"అందులో వెండి ఉందని మీరంటున్నారు," అన్నారు డాక్టర్ ముంతాజ్.

"ఉందండి. కనపడదు."

ఆవిడ కోదండపాణి వైపు తిరిగారు. "మీరు చెప్పండి. ఈ కంచం ఎలక్ట్రోడని ఇప్పుడు మళ్లీ సంతకం పెడతారా? పెడితే దీన్ని ఇక్కడే వంచి చూద్దాం. కానీ మొదట ఇంకోసారి దాని వెనకనుంచి చూసి, మీకేం కనపడుతోందో అదే చెప్పండి."

కోదండపాణి యాదగిరి మోకాలి మీంచి కంచం తీసుకున్నాడు. మళ్లీ ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. దేవుడి నగలన్నీ చూసిన కళ్లు. చూడనిదాన్ని చూశానని ఎన్నడూ రాయని చెయ్యి. కంచం వెనక ఏం జరుగుతోందో ఎవరికీ తెలియదు, అది పారదర్శకం కాదు కదా.

"నా మీసం కనపడుతోంది, మేడమ్," అన్నాడు చివరికి. "ఇంకేమీ కనపడటం లేదు. ఇది కంచమే. నేను పొరబడ్డాను."

ఆ మాట ఆయన కంచం దించకుండానే అన్నాడు.

తరవాత జరగవలసినవి జరిగాయి. ప్రాజెక్టు నిలిచింది. ప్యాకింగ్ సామగ్రికి ఎలక్ట్రోడుగా పదోన్నతి లభించింది. ప్రత్యక్ష దర్శన నియమాన్ని రద్దు చెయ్యలేదు, సవరించారు: కనపడని వెండి విషయంలో, ఫ్యాను తిరిగినచో వెండి కనపడినట్టు పరిగణించబడును. ఫ్యాను సంస్థదే అయి ఉండవలెను. కంచం వాపసు ఇవ్వడానికి, దానిలోంచి తనకు ఏమీ కనపడటం లేదని తాయారు రాసివ్వవలసి వచ్చింది. ఆమె సంతోషంగా రాసిచ్చింది.

ఇంటికి తెచ్చి, విభూతితో తోమి, వేళ్ల ముద్రలన్నీ పోయేదాకా తుడిచింది. అప్పుడే వామనరావు ఫ్రిజ్ తలుపు తీసి నిలబడ్డాడు.

"తాయారూ, పెరుగు..."

ఆమె కంచం తుడుస్తూనే ఉంది. ఆయన కాసేపు ఫ్రిజ్‌లోకి చూశాడు. తరవాత తలుపు వేశాడు. వచ్చి ఆమె చేతిలోంచి కంచం మెల్లిగా తీసుకుని, ముఖానికి అడ్డం పెట్టుకుని ఏదో గొణిగాడు.

"వినపడలేదు," అంది తాయారు.

మళ్లీ గొణిగాడు.

"అలా ఆఫీసువాళ్లు చెబుతారు. మీరు కంచం దించి చెప్పండి."

వామనరావు కంచం దించాడు. ఆమె ఎదురుగానే ఉంది. ఈసారి కనపడినట్టే ఉంది.

"ఆ రోజు సంతకం పెట్టడం తప్పు తాయారూ," అన్నాడు. "తప్పు నాది."